ఎనిమిదో నంబరు సూదులతో మఫ్లర్ అట్టలా వస్తోంది, ఎందుకు?

చికాగోలో ఉన్న మనవడికి మఫ్లర్ అల్లుదామని కూర్చున్నాను. క్రోషియా వచ్చు గానీ రెండు సూదుల పని కొత్త. వీడియోలో అమెరికా ఆవిడ ఎనిమిదో నంబరు వాడమంది. కోఠీలో అదే నంబరు అల్యూమినియం జత తెచ్చుకున్నాను. ఆరు వరసలకే అట్టముక్కలా బిగుసుకుపోయింది, సూది దూరడం లేదు. తప్పు నా చేతిదా, సూదిదా?

జవాబు 1: నంబరుతోనే వచ్చింది తంటా అండీ. మన దుకాణాల్లో ఎక్కువగా పాత బ్రిటిష్ లెక్క నడుస్తుంది, అందులో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. అమెరికాది తలకిందులు. మన ఎనిమిది 4 మిల్లీమీటర్లు, వాళ్ల ఎనిమిది 5. మీకు కావాల్సింది ఇక్కడి ఆరో నంబరు. ఈసారి మిల్లీమీటర్లు చెప్పి అడగండి. ఊలు ఉండకు చుట్టిన కాగితం మీద కూడా సూది బొమ్మ పక్కన ఆ అంకె ఉంటుంది.

జవాబు 2: ఎలాగూ కొత్తవి కొంటున్నారు కాబట్టి వెదురువి తీసుకోండి. అల్యూమినియం మీద కుట్లు జర్రున జారతాయి. నాకైతే ఒకసారి పద్నాలుగు కుట్లు ఒళ్లో పడ్డాయి, ఏడుపొక్కటే తక్కువ! ఊలు లేత రంగుదేనా? ముదురు రంగులో కుట్టు కనపడి చావదు.

అడిగినవారు: ముదురు నీలమే కొన్నానమ్మా, రాత్రి ట్యూబులైటు కింద కళ్లు లాగేశాయి. విప్పేశాను. రేపు మళ్లీ కోఠీ.