చెన్నై వండర్లా వినోద పార్కు పక్కన కూడా రిసార్ట్ వస్తుందంటారా?

బెంగళూరు దగ్గర బిడది వండర్లా 2005లో మొదలైతే, అక్కడ రిసార్ట్ 2012లో వచ్చింది. మన చెన్నైలో తిరుప్పోరూరు దగ్గరి పార్కు 2025 డిసెంబరులో తెరిచారు. ఇక్కడా ఏడేళ్లు ఆగాలా? నాకైతే ముందే వస్తుందనిపిస్తోంది. నెల్లూరు నుంచి మా అక్కావాళ్లు పిల్లలతో వస్తామంటున్నారు. పొద్దుపోయేదాకా నీళ్లలో ఆడి, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ట్రాఫిక్ దాటి, మళ్లీ నెల్లూరు దాకా అంటే పెద్దవాళ్ల వల్ల అయ్యే పని కాదు. పార్కు పక్కనే గది దొరికితే ఎంత హాయి!

పార్కు చుట్టుపక్కల ఖాళీ స్థలంలో పునాది పనులేమైనా కనిపించాయా? వండర్లా షేర్లున్నవాళ్లు వార్షిక నివేదికలో దీని గురించి చదివారా? ముందు రిసార్ట్ కడతారా, కొత్త రైడ్లు పెడతారా? మీ అంచనా, దానికి కారణం కూడా చెప్పండి.