ఆల్డీ రోడ్డు పక్కన గుర్రపు దళం రాయి: పక్కన ఇంకో బోర్డు పెట్టాలా?

ఆష్‌బర్న్_అమ్మ
పోయిన శనివారం ఇక్కడ వర్జీనియాలో ఆల్డీ ఊరి పాత మిల్లు చూసి స్నికర్స్‌విల్ టర్న్‌పైక్ అనే రోడ్డు మీద వెళ్తుంటే మలుపులో ఒక స్మారక శిల కనిపించింది. అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధంలో, 1863 జూన్ 17న అక్కడ జరిగిన గుర్రపు దళాల పోరులో చనిపోయిన ఉత్తరాది మసాచుసెట్స్ వాళ్ల కోసం 1891లో పెట్టారు. మా బాబు నాలుగో తరగతి. "అమ్మా, వీళ్లు ఎందుకు కొట్టుకున్నారు?" అని అడిగాడు. రాయి మీద పేర్లున్నాయి, కారణం లేదు. ఆ యుద్ధం వెనక ఉన్నది బానిసత్వం. 1860లో మన లౌడన్ కౌంటీలోనే 5 వేల మందికి పైగా బానిసలుండేవారు. వర్జీనియాలో చరిత్ర బోర్డుకు ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఖర్చు మాత్రం పెట్టించేవాళ్లదే. మనం తలా కొంచెం వేసుకుని ఆ సంగతి చెప్పే బోర్డు పెట్టిద్దామా?

గుర్రపుడెక్క
అక్కా, మీరు అక్కడ ఆగినందుకే సంతోషం. కానీ అది పాఠం చెప్పే బోర్డు కాదు, చనిపోయినవాళ్ల గుర్తు. మలుపు అవతల ఏముందో కనపడదు, రాతి గోడల వెనక దక్షిణాది కల్నల్ మన్‌ఫర్డ్ మనుషులు తుపాకులతో కాచుకుని ఉన్నారు. మసాచుసెట్స్ వాళ్లు 294 మంది వెళ్తే 198 మంది చనిపోవడమో, గాయపడటమో, పట్టుబడటమో జరిగింది. వాళ్లలో గాయపడ్డ మేజర్ హిగ్గిన్సన్ బతికి, 1881లో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించాడు. పోయినవాళ్లు బతికుంటే ఏమేం చేసేవాళ్లో! వాళ్లకు మిగిలింది ఆ రాయి ఒక్కటే. దాన్ని అలా వదిలేద్దాం.

పాత_బస్తీ_బాబు
బానిసత్వం కోసం పోరాడినవాళ్లకు రాయి ఎందుకు? 2020లో లీస్‌బర్గ్ కోర్టు ముందు దక్షిణాది సైనికుడి విగ్రహం తీసేశారుగా, ఇదీ తీయించాలి.

గుర్రపుడెక్క
వీళ్లు లింకన్ వైపు సైనికులు సార్. వర్జీనియాలో శ్మశానాల బయట ఉత్తరాది వాళ్లకు ఇలాంటి శిలలు చాలా అరుదు.

కృష్ణా_తీరం
ఇంతకీ గెలిచింది ఎవరు?

గుర్రపుడెక్క
తేలలేదు. దక్షిణాది సేనాని లీ సైన్యం కొండల చాటున ఉత్తరానికి పోతోంది, మన్‌ఫర్డ్ పైఅధికారి స్టువర్ట్ గుర్రపు దళం దాన్ని కనపడకుండా కాపాడుతోంది. ఆ తెర చీల్చి చూడాలని ఉత్తరం వాళ్లు వచ్చారు. సుమారు నాలుగు గంటల పోరు తర్వాత స్టువర్ట్ రమ్మంటే మన్‌ఫర్డ్ వెనక్కి తగ్గాడు. కానీ లీ ఎక్కడున్నాడో వీళ్లకు ఆరోజు తెలియలేదు. రెండు వారాలకే గెటిస్‌బర్గ్ దగ్గర పెద్ద యుద్ధం.

కృష్ణా_తీరం
వెనక్కి తగ్గాడంటే ఓడినట్టే కదా?

గుర్రపుడెక్క
కాదండీ. అతని పని దారి మూయడం, అది చేశాడు.

ఆష్‌బర్న్_అమ్మ
నేనడిగింది గెలుపోటముల గురించి కాదు. 198 మంది లెక్క చెప్పారు, ఆ 5 వేల మందిలో ఒక్కరి పేరైనా ఆ రోడ్డు మీద ఉందా?

సూర్యాపేట_పోరడు
అక్క చెప్పింది నిజం. రజాకార్లతో కొట్లాడి సచ్చినోళ్ల కోసం మా ఊరి మొగదాల స్తూపం ఉండేది. మా తాత తమ్ముడి పేరు కూడా ఉండె. రోడ్డు వెడల్పు చేస్తూ తీసేసిన్రు, మళ్ల పెట్టలే. ఇప్పుడు మా ఊరి పిల్లలకు ఆయనెవరో ఎరుకలే. రాసి పెట్టకపోతే ఉన్నదీ పోతది.

గుర్రపుడెక్క
తమ్ముడూ, నేను మొత్తుకునేదీ అదే. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఈ చుట్టుపక్కల పొలాల్లో ఇళ్లు కట్టొద్దని కౌంటీ మీటింగుల్లో మూడేళ్లు మాట్లాడాను. మన తెలుగువాళ్లు ఒక్కరు రాలేదు. అదే కొత్త కాలనీలో బుకింగులకు మాత్రం లైను కట్టారు. ఇప్పుడు బోర్డు కావాలా?

ఆష్‌బర్న్_అమ్మ
ఇల్లు కొనుక్కోవడం తప్పయిపోయిందా? నాకు అప్పుడు చంటిపిల్లాడు, రాత్రి మీటింగులకు ఎలా వస్తాను? మీరు రాళ్ల గురించి పడే బాధలో సగమైనా మనుషుల గురించి పడండి.

పాత_బస్తీ_బాబు
ఇద్దరూ కాస్త శాంతించండి.

గుర్రపుడెక్క
కటువుగా మాట్లాడాను, క్షమించండి. అసలు నా భయం వేరే. 22 ఏళ్లుగా ఇక్కడ ఉన్నా. ఇరుగుపొరుగు మంచివాళ్లే. కానీ వాళ్ల తాతముత్తాతల యుద్ధం ఎందుకు జరిగిందో మనం బోర్డు పెట్టి చెబితే "నిన్న వచ్చినవాళ్లు మాకు చెబుతారా" అంటారు. ఆ మాట ఒకసారి నా మొహం మీదే అన్నారు. అది మళ్లీ పడలేను.

ఆష్‌బర్న్_అమ్మ
ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేది అన్నయ్యా. మిమ్మల్ని అలా అనడం తప్పు. కానీ మా బాబు నిన్న వచ్చినవాడు కాదు, ఇక్కడే పుట్టాడు. వాడికి ఇది పరాయి ఊరు కాదు. వాడు అడిగితే మనం వచ్చినవాళ్లం, ఊరుకో అనలేను.

గుర్రపుడెక్క
మిల్లు దగ్గర పెట్టండి, నేనూ డబ్బులు వేస్తాను. రాయి పక్కన మాత్రం వద్దు.

ఆష్‌బర్న్_అమ్మ
వాడు అడిగింది రాయి దగ్గర.

కృష్ణా_తీరం
మన్‌ఫర్డ్ తనంతట తాను వెనక్కి తగ్గలేదంటున్నారు, మరి స్టువర్ట్ ఎందుకు రమ్మన్నాడు?