హాస్పిటాలిటీ ఎంట్రప్రెన్యూర్‌షిప్ పేపర్, దాని మీదే పీహెచ్‌డీ: ఎక్కడ తప్పుతున్నాను?

ఫ్రంట్ ఆఫీస్ మేడమ్:
అందరికీ నమస్కారం. పదకొండేళ్లు హోటళ్లలో ఫ్రంట్ ఆఫీస్ చూసి ఈ మధ్యే యూనివర్సిటీలో చేరాను. రాగానే హాస్పిటాలిటీ ఎంట్రప్రెన్యూర్‌షిప్ పేపర్ నా నెత్తిన పెట్టారు. పిల్లల్ని తొమ్మిది గ్రూపులు చేసి బిజినెస్ ప్లాన్ రాయమంటే ఎనిమిది కేఫ్‌లు వచ్చాయి. గోడల రంగుల గురించి రెండు పేజీలు, లెక్కలు అరపేజీ. మొదటి నెల నుంచే 80 శాతం నిండిపోతుందట! తప్పని తెలుసు, ఎందుకు తప్పో పాఠంగా చెప్పడం రావట్లేదు.

రెండోది నా పీహెచ్‌డీ. బాగా నడుస్తున్న చిన్న హోటళ్ల యజమానులు పన్నెండు మందితో మాట్లాడి 'విజయానికి కారణాలు' అని రాసుకెళ్లాను. మా గైడ్ ఒక్కటే అడిగారు: "మూసేసినవాళ్లతో మాట్లాడావా?" అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఇంటర్వ్యూలన్నీ వృథాయేనా?

లెక్కల మాస్టారు:
ముందు క్లాసు సంగతి చెప్తాను మేడమ్. ఐడియాతో కాదు, ఖాళీ గదితో మొదలుపెట్టండి. ఇవాళ అమ్ముడుపోని చొక్కాని రేపు అమ్ముకోవచ్చు. ఇవాళ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు అమ్మలేం. మన రంగంలో లెక్కలన్నీ అక్కణ్ణుంచే పుడతాయి.

నేను బోర్డు మీద ఇచ్చే లెక్క ఇది. 20 గదులు, 30 రోజులు. అంటే నెలకి అమ్మకానికి ఉన్నవి 600 రాత్రులు. గది రేటు 100 అనుకుందాం. అతిథి దిగితేనే అయ్యే ఖర్చు (దుప్పట్ల ఉతుకు, సబ్బులు, కరెంటు, బుకింగ్ కమిషన్) 25. చేతిలో మిగిలేది 75. ఎవరూ దిగకపోయినా కట్టక తప్పని బిల్డింగ్ అద్దె, జీతాలు, వడ్డీ కలిపి నెలకి 30,000. దాన్ని 75తో భాగిస్తే 400. ఆరు వందల్లో 400 రాత్రులు అమ్ముడుపోతే గానీ నష్టం ఆగదు.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి "రేటు 20 శాతం తగ్గిద్దాం సార్" అంటారు. ప్రతి బ్యాచ్‌లోనూ అంటారు. సరే, రేటు 80, ఖర్చు మాత్రం అదే 25 అనుకుంటే మిగిలేది 55. ఇప్పుడు 546 రాత్రులు కావాలి, అంటే 91 శాతం. తగ్గించింది ఐదో వంతు, అదనంగా అమ్మాల్సింది మూడో వంతు కన్నా ఎక్కువ. ఈ లెక్క పిల్లలే వేయాలి. మీరు వేసి చూపిస్తే కునికిపాట్లు పడతారు.

కిచెన్ వదిలొచ్చినవాణ్ణి:
మాస్టారిది గదుల లెక్క. కేఫ్ గ్రూపులకి ఇంకోటి ఉంది. కార్నెల్ యూనివర్సిటీ హోటల్ స్కూల్‌లో షెరిల్ కైమ్స్ 1990ల చివర్లో రెస్టారెంట్లకి ఒక కొలత తెచ్చారు: ఒక్కో కుర్చీకి గంటకి ఎంత ఆదాయం అని. యజమాని ఒప్పుకుంటే పిల్లల్ని ఏదైనా రెస్టారెంట్‌లో ఓ పూట కూర్చోబెట్టండి. పావుగంటకోసారి ఎన్ని కుర్చీలు నిండాయో రాసుకోవడమే పని. నాలుగు కుర్చీల టేబుళ్లు పది ఉండి, అన్నిట్లో ఇద్దరేసి కూర్చుంటే, బయట జనం వెయిటింగ్‌లో ఉంటారు, లోపల సగం కుర్చీలు ఖాళీ. అది కళ్లారా చూసొచ్చాక 80 శాతం అని ఎవరూ రాయరు. (నాకీ బుద్ధి అప్పట్లో లేదు. పట్టుబట్టి అన్నీ నాలుగు కుర్చీల టేబుళ్లే కొనిపించాను.)

ఇంకోటి, వ్యాపారులు ఎలా ఆలోచిస్తారో పరిశోధించిన సరస్ సరస్వతి 2001లో రాసిన పేపర్ చూడండి. అనుభవమున్న వ్యాపారులు 'ఎంత వస్తుంది' అని కాకుండా 'ఎంత పోయినా తట్టుకోగలను' అని మొదలుపెడతారంటారావిడ. ఆ ఒక్క ప్రశ్న ప్రతి ప్లాన్‌లో మొదటి పేజీలో ఉండాలనండి.

డేటా పిచ్చి:
మీ గైడ్ అడిగింది న్యాయమేనండీ, అయినా ఇంటర్వ్యూలు వృథా కావు. పన్నెండు మందీ 'కష్టపడ్డాం, నాణ్యత వదల్లేదు' అని చెప్పుంటారు. మూసేసినవాళ్లు కూడా అదే చెప్తే? పోల్చుకోవడానికి రెండో వైపు లేదు, అదొక్కటే లోపం.

కొత్త రెస్టారెంట్లు నూటికి తొంభై మొదటి ఏడాదే పోతాయని చాలాకాలం ఒక మాట తిరిగింది. పార్సా అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అమెరికాలోని కొలంబస్ నగరంలో ఆరోగ్యశాఖ పర్మిట్ల రికార్డులు తిరగేసి, మొదటి ఏడాది పోయేవి సుమారు 26 శాతం, మూడేళ్లలో సుమారు 60 శాతం అని 2005లో తేల్చారు. 2014లో లువో, స్టార్క్ పశ్చిమ అమెరికా డేటాతో చూస్తే, ఏ చైన్‌కీ చెందని సొంత రెస్టారెంట్లలో మొదటి ఏడాది పోయేవి 17 శాతమే.

మీకు పనికొచ్చేది ఈ అంకెల కన్నా వాటి వెనకున్న నిర్వచనం. పార్సా బృందం యజమాని మారినా వైఫల్యంగానే లెక్కేసింది. మంచి ధరకి అమ్ముకున్నామె, అప్పులపాలై తాళం వేసినామె, ఇంటికి టైమ్ చాలక వదిలేసినామె ముగ్గురూ ఒకే గడిలో పడతారు. పార్సా బృందం ఇంటర్వ్యూ చేసిన యజమానులు కూడా ఈ పని మింగేసే సమయం గురించి, ఇంట్లో పడ్డ ఒత్తిడి గురించి చెప్పారు. మీ ప్రశ్న అక్కడుంది: ఎవరు ఎందుకు ఆపారు? ఐదేళ్ల కింద లైసెన్స్ తీసుకున్నవాళ్ల జాబితా సంపాదించి ఇప్పుడున్నవాళ్లనీ లేనివాళ్లనీ విడదీయండి. మీ పన్నెండు మందిలో ఆ జాబితాలో ఉన్నవాళ్లు మొదటి వైపుకి వస్తారు.

పెరగడం ఇష్టంలేక చిన్నగానే ఉండిపోయేవాళ్లూ తగులుతారు. న్యూజిలాండ్‌లో అలాంటివాళ్ల మీద అటెల్యెవిచ్, డోర్న్ 2000లో రాశారు. వాళ్లని 'ఇంకో బ్రాంచ్ ఎందుకు పెట్టలేదు' అని అడిగితే మొహమాటానికి ఏదో ఒక జవాబు చెప్తారు, అది నమ్మితే మీ డేటా పాడవుతుంది.

ఫ్రంట్ ఆఫీస్ మేడమ్:
మూసేసినవాళ్లకి ఫోన్ చేసి 'ఎందుకు ఓడిపోయారు' అని ఎలా అడగనండీ?

డేటా పిచ్చి:
ఆ మాట అసలు ఎత్తకండి. 'తెరిచిన రోజు నుంచి చెప్పండి' అనండి చాలు. పాత రిజిస్టర్లు ఉంటే ముందు పెట్టుకోమనండి, జ్ఞాపకం తనకి నచ్చినట్టు కథ మార్చేస్తుంది. మీరూ హోటల్ మనిషేనని మొదట్లోనే చెప్తే సగం బిగువు సడలుతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. థీసిస్‌లో ఊరు, గదుల సంఖ్య, తెరిచిన ఏడాది మూడూ కలిపి రాశారంటే పేరు దాచినా మనిషి తెలిసిపోతారు.

ఫ్రంట్ ఆఫీస్ మేడమ్:
థాంక్సండీ అందరికీ. మాస్టారి లెక్క ఇవాళే కేఫ్ గ్రూపులతో వేయించాను. ఒక గ్రూపుకి నష్టం ఆగాలంటే కుర్చీలు 130 శాతం నిండాలని వచ్చింది. కాసేపు గుసగుసలాడుకుని "కుర్చీలు చాల్లేదు మేడమ్, పక్క గది కూడా అద్దెకి తీసుకుంటాం" అన్నారు. మరి ఆ అద్దె ఏ గడిలో రాస్తారు అంటే, మళ్లీ మొదటి నుంచి లెక్క వేస్తున్నారు.