టాటీస్ జూనియర్‌ని షార్ట్‌స్టాప్ నుంచి తప్పించడం సబబేనా?

మిషన్‌వ్యాలీ:
గత నెలలో, అంటే 2024 ఫిబ్రవరిలో, శాన్ డియాగో జట్టు పాడ్రేస్ వాళ్లు బొగార్ట్స్‌ని సెకండ్ బేస్‌కి మార్చి షార్ట్‌స్టాప్‌ని (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య కాపు కాసే స్థానం) హా-సాంగ్ కిమ్‌కి అప్పగించారు. కిమ్ మంచి ఆటగాడే, కాదనను. కానీ ఆ స్థానం ఎవరిదన్న మాట మళ్లీ లేచినప్పుడు ఫెర్నాండో టాటీస్ జూనియర్ పేరు ఎవరి నోటా రాకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇక్కడ బేస్‌బాల్ కొత్తగా చూస్తున్నవాళ్లు ఉన్నారు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను. టాటీస్ 1999 జనవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లోని సాన్ పెడ్రో దె మకోరీస్‌లో పుట్టాడు. అతనికి నాలుగో నెల నడుస్తుండగా, ఏప్రిల్ 23న, వాళ్ల నాన్న డాడ్జర్ స్టేడియంలో ఒకే ఇన్నింగ్స్‌లో రెండు గ్రాండ్ స్లామ్‌లు కొట్టాడు. అంటే మూడు బేస్‌లూ నిండి ఉండగా రెండుసార్లు హోమ్ రన్. ఒకే బౌలర్‌ మీద (పిచ్చర్ అనాలి, అలవాటు పోవడం లేదు). అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఇంకెవరూ చేయలేదు.

కొడుకుని 2015లో చికాగో వైట్ సాక్స్ 7 లక్షల డాలర్లకు తీసుకుంది. వాళ్ల తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, 2016 జూన్‌లో, జేమ్స్ షీల్డ్స్ అనే సీనియర్ పిచ్చర్ కోసం పాడ్రేస్‌కి ఇచ్చేసింది. అప్పుడు ఇతనికి 17 ఏళ్లు. 2019 మార్చి 28న, 20 ఏళ్ల వయసులో, సీజన్ మొదటి రోజునే షార్ట్‌స్టాప్‌గా దిగాడు. మొదటి ఏడాది 84 మ్యాచ్‌ల్లో 22 హోమ్ రన్లు. కోవిడ్‌తో కుదించిన 2020లో 59 మ్యాచ్‌లు, 17 హోమ్ రన్లు. మొత్తం 143 మ్యాచ్‌లు ఆడాడో లేదో, 2021 ఫిబ్రవరిలో 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చారు. ఆ డబ్బు ఒక షార్ట్‌స్టాప్‌కి రాసిచ్చిన డబ్బు. 2021లో 42 హోమ్ రన్లతో నేషనల్ లీగ్‌లో మొదటి స్థానం. ఆ తర్వాత ఏడాది మొత్తం లేడు. 2023లో తిరిగి వచ్చేసరికి రైట్ ఫీల్డ్‌లో, అంటే బేస్‌ల వెనక ఉండే అవుట్‌ఫీల్డ్‌లో కుడి వైపున, నిలబెట్టారు.

నా వాదన ఒకటే. ఇది తొందరపాటు. అతనికి షార్ట్‌స్టాప్ తిరిగి ఇవ్వాల్సింది.

కీస్టోన్4:
అన్నా, మీ అభిమానం అర్థమవుతుంది గానీ ఒక్క అంకె మీరు రాయలేదు. 2019లో ఆ 84 మ్యాచ్‌ల్లోనే 18 ఎర్రర్‌లు, అంటే ఫీల్డింగ్‌లో చేసిన తప్పులు. 2021లో మళ్లీ 20 దాటాయి. అందులో ఎక్కువ విసిరేటప్పుడు చేసినవే. బంతి అందుకోవడంలో అతనికి లోటు లేదు, అందనివి కూడా అందుకుంటాడు. కానీ పరిగెడుతూ, గాల్లో తేలుతూ, ఒంటి కాలి మీద విసురుతాడు. కొన్ని అద్భుతాలు అవుతాయి. కొన్ని ఫస్ట్ బేస్ దాటి ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లోకి పోతాయి. షార్ట్‌స్టాప్‌లో అద్భుతాల కంటే రోజూ వచ్చే మామూలు బంతులు ముఖ్యం. బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరడానికి నాలుగు సెకన్లకు అటూ ఇటూ పడుతుంది. ఆ లోపు పని పూర్తి కావాలి, ఏడాదికి 150 రోజులు.

భుజం సంగతి వేరే. 2021లో ఎడమ భుజం పలుమార్లు కీలు తప్పింది. షార్ట్‌స్టాప్ అంటే రోజూ నేల మీద పడి లేవడమే కదా.

మిషన్‌వ్యాలీ:
తమ్ముడూ, 2020లో ఎన్ని ఎర్రర్‌లో కూడా రాయాలి మరి. మూడు. చిన్న సీజనే, ఒప్పుకుంటాను. కానీ 21 ఏళ్ల కుర్రాడు నేర్చుకుంటున్నాడనడానికి అది గుర్తు కాదా? ఇక భుజం. 2021 ఏప్రిల్‌లో జారింది బ్యాట్ ఊపినప్పుడు. జూలైలో జారింది థర్డ్ బేస్‌లోకి స్లైడ్ చేసినప్పుడు. రైట్ ఫీల్డ్‌కి పంపిస్తే బ్యాట్ ఊపడం, స్లైడ్ చేయడం ఆగుతాయా?

ఇంకో సంగతి. ఏప్రిల్‌లో అలా భుజం జారిన మూడు వారాల్లోపే, 23న, వాళ్ల నాన్న రికార్డుకి సరిగ్గా 22 ఏళ్లు నిండిన రోజున, అదే డాడ్జర్ స్టేడియంలో డాడ్జర్స్ పిచ్చర్ కెర్షా మీద రెండు హోమ్ రన్లు కొట్టాడు. మర్నాడు ఇంకో పిచ్చర్ బావర్ మీద ఇంకో రెండు. ఆ రెండు రోజులూ నాకు నిద్ర పట్టలేదు.

ఫ్రిస్కోశనివారం:
డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా ఇంటికి దగ్గర్లోనే రఫ్‌రైడర్స్ అనే చిన్న లీగ్ జట్టు మైదానం ఉంది. 2018లో పాడ్రేస్ వాళ్ల చిన్న లీగ్ జట్టు శాన్ ఆంటోనియో మిషన్స్ వచ్చినప్పుడు మా అబ్బాయిని తీసుకెళ్లాను. మా వాళ్లలో చాలామందికి అది సాయంత్రం పూట పిల్లలతో గడిపే చోటు, ఆట ఎవరిదో కూడా పట్టించుకోరు. నేనూ అంతే. కానీ ఆ రోజు షార్ట్‌స్టాప్‌లో ఒక పొడుగాటి కుర్రాడిని చూశాను. ఆరడుగుల మూడంగుళాలు. అతనే టాటీస్. థర్డ్ బేస్ వెనక దాకా పరిగెత్తి బంతి తీసి అక్కడి నుంచే విసిరాడు. పక్కన కూర్చున్న పెద్దాయన లేచి నిలబడ్డాడు. అప్పటి నుంచే నేను బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టాను.

అందుకే కీస్టోన్ గారి లెక్క నాకు రుచించదు. డెరెక్ జీటర్ 1993లో గ్రీన్స్‌బరోలో, చిన్న లీగ్‌లో, ఒక్క సీజన్‌లో 56 ఎర్రర్‌లు చేశాడు. యాభై ఆరు! అతని జట్టు న్యూయార్క్ యాంకీస్ అతన్ని కదిలించలేదు. 1996లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు) అయ్యాడు. ఆ తర్వాత షార్ట్‌స్టాప్‌లోనే, ఒక్కో స్థానంలో మేటి ఫీల్డర్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు, అయిదు తీసుకున్నాడు.

కీస్టోన్4:
జీటర్ పేరు వస్తుందని తెలుసు. అదే యాంకీస్ కథ ఇంకొకటి చెప్తాను. 1950లో జాప్లిన్ అనే చిన్న ఊరి జట్టులో వాళ్లకి ఇంకో షార్ట్‌స్టాప్ ఉండేవాడు. 18 ఏళ్లు. 55 ఎర్రర్‌లు చేశాడు. మరుసటి ఏడాదే అతన్ని రైట్ ఫీల్డ్‌కి మార్చేశారు. అతని పేరు మికీ మాంటిల్. పెద్ద జట్టులో అప్పటి షార్ట్‌స్టాప్ ఫిల్ రిజ్జూటో, 1950లో అమెరికన్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడు. అక్కడ ఖాళీ లేదు, ఈ కుర్రాడి బ్యాట్ ఆగేది కాదు. ఒకే సంస్థ, దాదాపు ఒకే లెక్కలో తప్పులు, రెండు వేర్వేరు నిర్ణయాలు, ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. కాబట్టి ఎర్రర్‌ల లెక్క చూసి ఉంచాలనీ చెప్పలేం, తీసేయాలనీ చెప్పలేం.

రాబిన్ యౌంట్‌ని కూడా చూడండి. 1974లో 18 ఏళ్లకే మిల్వాకీలో షార్ట్‌స్టాప్. 1982లో ఎంవీపీ. భుజం దెబ్బతింటే 1985లో అవుట్‌ఫీల్డ్‌కి వెళ్లాడు. 1989లో సెంటర్ ఫీల్డర్‌గా మళ్లీ ఎంవీపీ.

మిషన్‌వ్యాలీ:
యౌంట్‌ది కుడి భుజం, బంతి విసిరే చెయ్యి. టాటీస్‌ది ఎడమ భుజం. రెంటికీ పోలిక లేదు.

కీస్టోన్4:
అది నిజమే, ఒప్పుకుంటున్నాను.

లెక్కలమాష్టారు:
నాకు అభిమానం ఎవరి మీదా లేదు, విలువ లెక్కలో ఒక మాట చెప్తాను. ఫాన్‌గ్రాఫ్స్ అనే గణాంకాల సైట్ పద్ధతిలో ఒక ఆటగాడి విలువ కట్టేటప్పుడు అతను ఆడే స్థానాన్ని బట్టి పరుగులు కలుపుతారు, తీసేస్తారు. పూర్తి సీజన్ షార్ట్‌స్టాప్ ఆడితే 7.5 పరుగులు కలుపుతారు. రైట్ ఫీల్డ్ ఆడితే 7.5 తీసేస్తారు. అంటే అదే మనిషి, అదే బ్యాటింగ్, స్థానం మారినందుకు ఏడాదికి 15 పరుగుల తేడా. సుమారుగా ఒకటిన్నర విజయం. ఇంకా పదేళ్లకు పైగా ఒప్పందం ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు.

అయితే ఆ 15 పరుగులు ఊరికే రావు. షార్ట్‌స్టాప్‌లో సగటుగా ఆడి, రైట్ ఫీల్డ్‌లో అందరికంటే బాగా ఆడితే ఆ తేడా పూడిపోతుంది. 2023లో జరిగింది అదే. రైట్ ఫీల్డ్‌లో మొదటి ఏడాదే గోల్డ్ గ్లవ్, దాని మీద నేషనల్ లీగ్‌లో అన్ని స్థానాలకూ కలిపి ఇచ్చే ప్లాటినమ్ గ్లవ్. మిషన్‌వ్యాలీ గారి ప్రశ్న భావోద్వేగంగా సరైనదే కావచ్చు, లెక్క మాత్రం పాడ్రేస్ వైపే ఉంది.

ఆర్కేబీచ్:
విశాఖ నుంచి రాస్తున్నాను. మీ అంత తెలియదు, ఏడాది నుంచే చూస్తున్నా. కానీ ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు. లక్ష్మణ్‌ని గుర్తు చేసుకోండి. మిడిల్ ఆర్డర్ ఆటగాడిని తీసుకెళ్లి ఓపెనర్‌ని చేశారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టాడు కూడా. అయినా ఇక ఓపెనింగ్ చేయనని తేల్చి చెప్పి, జట్టులో చోటు పోయినా ఫర్వాలేదని హైదరాబాద్‌కి ఆడటానికి వెళ్లాడు. 1999-2000 రంజీ సీజన్‌లో 1415 పరుగులు చేశాడు. 2001లో కోల్‌కతాలో మూడో స్థానంలో 281. తన చోటు ఏదో ఆటగాడికే బాగా తెలుస్తుందని నేను నమ్ముతాను. టాటీస్ ఎందుకు పట్టుబట్టలేదు?

సాఫ్ట్‌బాల్‌అమ్మ:
ఆర్కేబీచ్ గారూ, ఆ ప్రశ్నకి జవాబు ఇక్కడ ఎవరూ రాయడం లేదు. 2022లో ఏం జరిగిందో చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు.

ఆ ఏడాది మార్చిలో, యజమానుల లాకౌట్ ముగిసి సీజన్ ముందు జరిగే క్యాంప్ తెరిచేసరికి అతని మణికట్టు విరిగి ఉంది. శీతాకాలంలో బైక్ మీద నుంచి పడ్డాడు. ఆపరేషన్ అయింది. ఇక రేపో మాపో జట్టులోకి వస్తాడనగా ఆగస్టు 12న నిషేధిత మందు క్లోస్టెబోల్ దొరికిందని 80 మ్యాచ్‌లు సస్పెండ్ చేశారు. తామర కోసం వాడిన మందులో అది ఉందని అతను చెప్పాడు, అప్పీలు వదులుకున్నాడు. అతను లేకుండానే, కిమ్ షార్ట్‌స్టాప్‌లో ఉండగా, ఆ జట్టు 111 విజయాల డాడ్జర్స్‌ని ఓడించి లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. డిసెంబర్‌లో బొగార్ట్స్‌ని 11 ఏళ్లకు తెచ్చుకున్నారు. 2023 ఏప్రిల్‌లో తిరిగి వచ్చిన మనిషి నా స్థానం నాకు ఇవ్వండి అని ఏ ముఖంతో అడుగుతాడు? ఎక్కడ ఆడమంటే అక్కడ ఆడతానన్నాడు. లక్ష్మణ్ గారు పరుగులు చేసి అడిగారు. ఇతను తల దించుకుని వచ్చాడు.

నాకు ఇది దగ్గరి విషయం. మా పెద్దమ్మాయి పన్నెండేళ్లది, సాఫ్ట్‌బాల్‌లో షార్ట్‌స్టాప్ ఆడేది. ఒక టోర్నమెంట్ ఉదయం కోచ్ జాబితా అతికిస్తే పేరు పక్కన రైట్ ఫీల్డ్ అని ఉంది. ముందు రోజు ఒక్క మాట చెప్పలేదు. పిల్లల ఆటలో రైట్ ఫీల్డ్ అంటే బంతి రాని చోటు అని ప్రతి పిల్లకీ తెలుసు. కారులో ఇంటికి వచ్చేదాకా ఏడ్చింది. మార్చినందుకు కాదు, చెప్పనందుకు నాకు ఇప్పటికీ కోపం. కోచ్ నిర్ణయం సరైనదే అయి ఉండవచ్చు. తర్వాత 2023లో టాటీస్ రైట్ ఫీల్డ్ గోడ దగ్గర నుంచి విసిరిన బంతులు మా అమ్మాయికి పెట్టి చూపించాను. అదే చేతి బలం. షార్ట్‌స్టాప్‌లో డగౌట్‌లోకి పోయిన బంతి, అక్కడి నుంచి నేరుగా థర్డ్ బేస్‌కి చేరుతోంది. ఇప్పుడు మా అమ్మాయి రైట్ ఫీల్డ్ అడిగి ఆడుతోంది.

ఫ్రిస్కోశనివారం:
అక్కా, మీ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి.

మిషన్‌వ్యాలీ:
సాఫ్ట్‌బాల్‌అమ్మ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను 2022ని ఒక్క వాక్యంలో దాటేశాను, అది తప్పే. ఆ ఏడాది నాకు చాలా కష్టంగా గడిచింది. అతని జెర్సీ వేసుకుని ఆఫీసుకి వెళ్లేవాణ్ణి, ఆగస్టు తర్వాత అల్మరాలో పెట్టేశాను.

లెక్కలమాష్టారు చెప్పిన ప్లాటినమ్ గ్లవ్‌కి నా దగ్గర జవాబు లేదు. 2023లో స్థానం మార్చడం సరైనదే అని ఒప్పుకుంటున్నాను. కానీ మొత్తం ఒప్పుకోలేను. 2023లో బొగార్ట్స్ ఉన్నాడు కాబట్టి చోటు లేదన్నారు. సంవత్సరం తిరగకుండానే ఆ బొగార్ట్స్‌నే పక్కకి జరిపారు. అంటే ఆ చోటు మార్చగలిగేదే. అతనికి ఇప్పుడు 25 ఏళ్లు. భుజానికి ఆపరేషన్ అయిపోయింది. ఒక్క వసంతకాలం క్యాంప్‌లో అక్కడ నిలబెట్టి చూసి, పనికిరాడంటే అప్పుడు నేను నోరు మూసుకునేవాణ్ణి. చూడనే లేదు.

కీస్టోన్4:
చూస్తే పోయేదేముంది అంటారా? లీగ్‌లోకెల్లా మంచి రైట్ ఫీల్డర్‌ని పోగొట్టుకుంటారు. అవుట్‌ఫీల్డర్ సోటోని కూడా డిసెంబర్‌లో యాంకీస్‌కి ఇచ్చేశారు, అవుట్‌ఫీల్డ్‌లో మనుషులే లేరు. ఎంత లేరంటే, జాక్సన్ మెరిల్‌ని సెంటర్ ఫీల్డ్‌లో ఆడిస్తున్నారు. 2021లో మొదటి రౌండ్‌లో తీసుకున్న షార్ట్‌స్టాప్ అతను. డబుల్-ఎ (పెద్ద లీగ్‌కి రెండు మెట్లు కింది చిన్న లీగ్) దాటి ఒక్క మ్యాచ్ ఆడలేదు. 20 ఏళ్లు.

మిషన్‌వ్యాలీ:
నేను భయపడుతున్నది సరిగ్గా దానికే తమ్ముడూ. ఈసారి తప్పులు చేయక ముందే మార్చేశారు.

లెక్కలమాష్టారు:
లేదా ఈసారి త్వరగా చెప్పారు. పిల్లవాడికి నేర్చుకోవడానికి క్యాంప్ అంతా దొరికింది. సాఫ్ట్‌బాల్‌అమ్మ గారి కోచ్ చేయనిది అదే కదా.

ఆర్కేబీచ్:
మార్చి 20న సియోల్‌లో డాడ్జర్స్‌తో మొదటి మ్యాచ్ కదా. మీకు కాలిఫోర్నియాలో తెల్లవారుజాము మూడు. మాకు మధ్యాహ్నం మూడున్నర. ఒక్కసారైనా మేం మెలకువగా ఉండి మీకు నిద్ర చెడే మ్యాచ్ వచ్చింది. మెరిల్ ఆడితే మొదటి క్యాచ్ గురించి ఇక్కడే రాస్తాను, లేచేసరికి చదువుకోండి.

మిషన్‌వ్యాలీ:
పడుకోను. జెర్సీ కూడా అల్మరాలోంచి తీశాను.