బ్రాంకియోలైటిస్ వచ్చిన పసిబిడ్డకి తర్వాత ఉబ్బసం వస్తుందా?

గాజువాక ఏఎన్‌ఎం:
వానలు మొదలయ్యాక పసిపిల్లల్లో బ్రాంకియోలైటిస్ (వైరస్ సోకి ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలిగొట్టాలు వాచి వచ్చే ఆయాసం) కేసులు పెరిగాయి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన ప్రతి తల్లీ "ఇది ఉబ్బసంగా మారిపోద్దా అమ్మా?" అనే అడుగుతోంది. వాళ్ళకి ఏం చెప్పాలి?

పిల్లల వార్డు డాక్టర్:
మారిపోదు, ముప్పు కొంత పెరుగుతుంది. ఏ వైరస్ అన్నదాన్ని బట్టి ఆ ముప్పు మారుతుంది. బ్రాంకియోలైటిస్‌కి ఎక్కువగా కారణమయ్యే ఆరెస్వీ అనే వైరస్ ఛాతీలోకి దిగిన పిల్లల్లో కొన్నేళ్ళపాటు జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు (ఊపిరి వదిలేటప్పుడు వచ్చే ఈల లాంటి చప్పుడు) రావచ్చు. అమెరికాలోని టూసాన్‌లో 1980లో మొదలుపెట్టి పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తే, ఆ ముప్పు క్రమంగా తగ్గి 13 ఏళ్ళకి దాదాపు పోయింది. మనం తేలిగ్గా తీసుకునే జలుబు వైరస్, అంటే రైనోవైరస్‌తో మూడేళ్ళలోపు పిల్లికూతలు వచ్చిన వాళ్ళలో ఆరేళ్ళకి ఉబ్బసం ఇంకా ఎక్కువ కనిపించింది. అలర్జీ తత్వం ఉన్న బిడ్డకే ఆ వైరస్ ఎక్కువ చేటు చేస్తుంది. కాబట్టి తల్లిని అడగండి: అమ్మానాన్నలకి ఉబ్బసం ఉందా? బిడ్డకి ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టడం) ఉందా? జలుబు లేనప్పుడూ పిల్లికూతలు వస్తున్నాయా? వీటికి అవును అంటే ఆ బిడ్డని వదలకుండా ఫాలో అప్‌లో ఉంచాలి.

పీహెచ్‌సీ నర్సు:
ఊపిరి లెక్కపెట్టడం తల్లికి నేర్పండి. బిడ్డ ఏడవనప్పుడు చొక్కా ఎత్తి, పొట్ట చూస్తూ నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే తప్పు లెక్క వస్తుంది, పసివాళ్ళ ఊపిరి ఒక తీరున ఉండదు. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, ఆపైన 40 వచ్చినా, దాటినా చూపించాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

ఇక పొగ. స్నానం చేయించి సాంబ్రాణి పట్టడం మానిపించడం కష్టమే, పెద్దవాళ్ళు ఒప్పుకోరు. అయినా గట్టిగా చెప్పండి, తల మెత్తటి తువ్వాలుతో తుడిస్తే ఆరిపోద్ది. దోమల చక్రం బదులు దోమతెర కట్టాలి. పోర్టు వైపు ఇళ్ళలో బొగ్గు ధూళి చీపురుతో లేస్తుంది, తడిగుడ్డ పెట్టాలి.

గాజువాక ఏఎన్‌ఎం:
పిల్లికూతలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని కొందరికి పంపు (ఇన్‌హేలర్), దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం స్పేసర్ రాశారు. పనిచెయ్యట్లేదంటున్నారు.

పిల్లల వార్డు డాక్టర్:
ముందు స్పేసర్ ఎలా కడుగుతున్నారో చూడండి. గుడ్డతో తుడిస్తే రాపిడికి ప్లాస్టిక్‌కి స్టాటిక్ కరెంటు పట్టి, మందు గోడకే అంటుకుపోతుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు వేసి ముంచి తీసి, తుడవకుండా ఆరనివ్వాలి. మాస్క్ ముక్కూ నోరూ కప్పి చెంపలకి ఆనాలి. పంపు ఊపి ఒక్క పఫ్ కొట్టి, ఐదారు ఊపిర్లు తీసుకున్నాకే మళ్ళీ ఊపి రెండోది. ఏడుస్తున్న బిడ్డకి ఇస్తే లోపలికి చేరేది చాలా తక్కువ, ఊరుకోబెట్టి ఇమ్మనండి.