ఇంటి తిండి మడికి ఏ ఎరువు? బియ్యంలో ఏం మారుతుంది?

ఆమదాలవలస_మడి: ఇంటి తిండికి విడిగా ఉంచే ఎకరం మడికి ఏం వేస్తే బియ్యంలో బలం ఉంటుంది? యూరియా వేస్తే గింజలోకి విషం దిగుతుందంటున్నారు, నిజమేనా?

వంశధార_ఎడమకాలువ: యూరియా యూరియాగా గింజలోకి వెళ్లదు అన్నా. నేలలో అమ్మోనియంగా మారుతుంది, దాంతో మొక్క మాంసకృత్తులు తయారుచేసుకుంటుంది. చిక్కంతా మోతాదు మించితేనే. ఆకు ముదురు పచ్చగా, మెత్తగా పెరిగితే సుడిదోమ, అగ్గితెగులు, పాముపొడ ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. పొట్ట దశ దాటాక మందు మీద మందు కొడతారు. గింజలో అవశేషాలు మిగిలేది అప్పుడే. అగ్గితెగులుకు కొట్టే ట్రైసైక్లజోల్ మందు బియ్యంలో మిగలదగిన పరిమితిని ఐరోపా సంఘం కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించేసింది.

రాజాం_వరి: ఎకరాకు నత్రజని, భాస్వరం, పొటాష్ 32-24-20 కేజీల లెక్క చూసుకోండి. డీఏపీ 50 కేజీల బస్తా ఒకటి వేస్తే నత్రజని 9, భాస్వరం 23 వచ్చేస్తాయి. మిగతా 23 కేజీల నత్రజనికి యూరియా 50 కేజీలు. ఇప్పుడు బస్తా 45 కేజీలే కాబట్టి బస్తా మీద అయిదు కేజీలు. పొటాష్‌కు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు 33 కేజీలు. దమ్ములో డీఏపీ వేస్తే అప్పుడు యూరియా అక్కర్లేదు. ఆ యూరియా పిలకల దశలో సగం, చిరుపొట్ట దశలో సగం. నీరు తీసేసి బురద పదునులో చల్లి, రోజున్నర, రెండు రోజులు ఆగి నీరు పెట్టండి. నిండు నీళ్లలో చల్లితే సగానికి సగం గాలిపాలు.

నాగావళి_ఒడ్డు: చల్లే ముందు ఆకు రంగు పట్టిక (పచ్చదనం మెట్లు చూపే పట్టీ) చూడండి. పది మొక్కల్లో పూర్తిగా విచ్చుకున్న పై ఆకును, ఎండ పడకుండా ఒంటి నీడలో పట్టి పోల్చాలి. ఆరు, అంతకు మించి ఆకులు పట్టికలో చెప్పిన మెట్టు కన్నా పాలిపోయి ఉంటేనే యూరియా.

చీపురుపల్లి_ఎర్రనేల: బలం అడిగారు కాబట్టి జింకు సంగతి చెప్పాలి. ఏటేటా డీఏపీ గుమ్మరించిన మడిలో భాస్వరం పేరుకుని జింకు అందదు. భాస్వరం ఎక్కువైతే గింజలో ఫైటిక్ ఆమ్లం పెరిగి, ఉన్న జింకు కూడా మన ఒంటికి సరిగా పట్టదు. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురాకు మీద తుప్పు మచ్చలు, ఆకు మొదట్లో పాలిపోయిన ఈనె కనిపిస్తాయి. ఆకు వంచితే పెళుసుగా విరుగుతుంది. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కేజీల జింకు సల్ఫేటు వేయండి. డీఏపీతో కలపొద్దు, రెండూ గడ్డకట్టి మొక్కకు దక్కవు. మూడు రోజులు ఎడం ఇవ్వండి.

ఆమదాలవలస_మడి: పూర్తిగా సేంద్రియం వేస్తే నిశ్చింతేనా?

వంశధార_ఎడమకాలువ: పచ్చిరొట్ట పైరు జీలుగ విత్తనం ఎకరాకు 10-12 కేజీలు చల్లి పూతలో దున్నడం మంచిది, మాగిన పశువుల గెత్తమూ మంచిదే. పట్టణ చెత్త కంపోస్టు మాత్రం పరీక్ష కాగితం చూడకుండా కొనొద్దు. కిలోకు కాడ్మియం 5, సీసం 100, ఆర్సెనిక్ 10 మిల్లీగ్రాములు దాటకూడదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది.

ఆమదాలవలస_మడి: గింజలో జింకు పెంచడానికి పిచికారీ ఉందా?

చీపురుపల్లి_ఎర్రనేల: ఉంది. వెన్ను పూర్తిగా బయటపడ్డాక లీటరుకు 5 గ్రాముల జింకు సల్ఫేటు, ఎకరాకు 200 లీటర్లు. పాలు పోసుకునేటప్పుడు మరోసారి. ఉదయం పూలు విచ్చుకునే వేళ వద్దు, సాయంత్రం కొట్టండి. మరీ తెల్లగా పాలిష్ పట్టిస్తే తవుడుతోపాటు విటమిన్ బి1 పోతుంది. మిల్లులో ఒక్క పట్టుతో ఆపేయమనండి.