మాత్రలతో కోరిక తగ్గుతుందా, అదంతా మన భ్రమేనా?

సిక్కోలు అమ్మాయి:
రెండో బాబు పుట్టాక పిల్లలు పుట్టకుండా మాత్రలు మొదలుపెట్టాను. ఈమధ్య మా ఆయన దగ్గరికొస్తేనే విసుగ్గా ఉంటోంది. కలిసినప్పుడు పొడిబారి మంట. డాక్టరమ్మకు చెబితే "పసిబిడ్డ తల్లివి, నిద్ర లేక అలా ఉంటుంది" అని పంపేశారు. మాత్రల వల్లేనంటారా?

కృష్ణాతీరం:
మాత్రలకూ దానికీ సంబంధం లేదమ్మా. నేనూ వాడాను, ఏమీ కాలేదు. ఇద్దరు పిల్లలున్నారుగా, ఆపరేషన్ చేయించేసుకో, టెన్షన్ ఉండదు.

ఓరుగల్లు నర్సు:
మీకేమీ కాలేదని ఎవరికీ కాదంటే నేను ఒప్పుకోనండీ. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఉన్న మాత్ర వేసుకుంటే, కోరికతో సంబంధమున్న టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ తయారీ అండాశయాల్లో తగ్గుతుంది. పైగా కాలేయం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా వదులుతుంది, ఉన్న టెస్టోస్టెరాన్‌ను అది పట్టేసుకుంటుంది. అయినా చాలామందికి తేడా తెలియదు. గర్భం వస్తుందన్న భయం పోయి కోరిక పెరిగినవాళ్లూ ఉన్నారు. కొందరికి మాత్రం తగ్గుతుంది, పొడిబారుతుంది. వాళ్ల మాట నమ్మి పద్ధతి మార్చాలి. నెలసరి గురించి అడుగుతాం, బీపీ చూస్తాం, ఈ ఒక్క ప్రశ్న మాత్రం అడగం. నాకు బాధనిపించేది అదే.

ఆపరేషన్‌లో ట్యూబులే మూస్తారు, అండాశయాలు మామూలుగా పనిచేస్తాయి, కాబట్టి దానివల్ల హార్మోన్లు పడిపోవు. కానీ ప్రతిదానికీ అదే మందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద మగవాళ్ల ఆపరేషన్ 0.3 శాతం!

కృష్ణాతీరం:
మగాళ్లు బరువులెత్తాలి కదా. ఆపరేషన్ అయితే నీరసపడిపోరూ?

ఓరుగల్లు నర్సు:
పడరండీ. వీర్యకణాలు వచ్చే నాళాన్నే కత్తిరిస్తారు. హార్మోన్ తగ్గదు, మగతనం పోదు. చర్మానికి చిన్న రంధ్రం పెట్టి, కుట్లు లేకుండా కాసేపట్లో చేసేస్తారు. మూడు నెలల తర్వాత వీర్యపరీక్ష చేయించుకునేదాకా కండోమ్ వాడాలి, అంతే.

సిక్కోలు గారూ, పాలిస్తున్నారా? ఏ మాత్ర?

సిక్కోలు అమ్మాయి:
ఇస్తున్నానండీ. బాబుకు అయిదో నెల. మాలా-ఎన్.

ఓరుగల్లు నర్సు:
మాలా-ఎన్ ఈస్ట్రోజన్ ఉన్న మాత్రే. పాలిచ్చే తల్లికి బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా సాధారణంగా అది ఇవ్వరు, పాలు తగ్గొచ్చు. పాలిచ్చేటప్పుడు ఈస్ట్రోజన్ తక్కువగా ఉండి కూడా పొడిబారుతుంది, కాబట్టి మీకు రెండు కారణాలూ ఉండొచ్చు. వెంటనే వెళ్లి కాపర్-టీ గానీ ఛాయ మాత్ర గానీ అడగండి, రెండింట్లోనూ హార్మోన్ లేదు. కాపర్-టీతో మొదటి కొన్ని నెలలు బ్లీడింగ్ ఎక్కువ కావచ్చు. మూడు నెలలకోసారి చేసే అంతర అనే హార్మోన్ ఇంజెక్షన్‌కు తొందరపడకండి, ఒంటికి పడకపోతే మూడు నెలలూ భరించాల్సిందే. ఈలోగా కండోమ్ వాడండి, మంటకు నీటి ఆధారిత జెల్ మందుల షాపులో దొరుకుతుంది.